తోక రెక్కను కోయాలా, షిమ్ వేయాలా, మార్చేయాలా?

ఫాయిల్ అంటే బోర్డు కింద మాస్ట్ అనే నిలువు కడ్డీ చివర ముందొకటి, వెనకొకటి రెక్కలు బిగించి, వేగం అందుకోగానే బోర్డును నీళ్లమీంచి లేపే సాధనం. దాని మీద కొన్నాళ్లు తిరిగాక ఎవరి కన్నైనా ఒకసారి తోక రెక్క మీద పడుతుంది. ముందు రెక్క ఖరీదైనది, దాని జోలికి వెళ్లాలంటే భయం. మాస్ట్‌ను ఏమీ చేయలేం. తోక రెక్క మాత్రం రెండు జానల పొడవు కూడా ఉండదు, రెండు బోల్టులు విప్పితే చేతికొచ్చేస్తుంది. హ్యాక్సా బ్లేడు, శాండ్‌పేపర్ పక్కనే ఉంటాయి. ఇక చేతులు ఊరుకోవు.

నేనూ అలాగే మొదలుపెట్టాను. ఇప్పటికి మూడు తోకలను కోశాను, అంతకన్నా ఎక్కువ తోకలకు షిమ్‌లు (కోణం మార్చే పలుచని ముక్కలు) వేశాను, అంచులు రుద్దాను. వాటిలో కొన్ని మార్పులు బ్రహ్మాండంగా పనిచేశాయి. ఒక తోక పూర్తిగా చేతికి రాకుండా పోయింది. ఎవరు అడిగినా నేను ముందు చెప్పేది ఒకటే: కోత వేగం కోసం కాదు, మలుపు కోసం. మీకు కావాల్సింది వేగమో, కాళ్లకు సుఖమో అయితే రంపం తీయాల్సిన పనే ఉండకపోవచ్చు. ఎందుకో లెక్కలతో చూద్దాం.

లెక్కలన్నిటికీ ఒకే సెట్ తీసుకుంటున్నాను. ముందు రెక్క 1000 చదరపు సెంటీమీటర్లు, అడ్డంగా 90 సెం.మీ. తోక 180 చదరపు సెం.మీ., అడ్డంగా 40 సెం.మీ. రెండింటి మధ్య దూరం 60 సెం.మీ. మనిషి, బోర్డు అన్నీ కలిపి 85 కేజీలు. వేగం సెకనుకు 6 మీటర్లు, అంటే గంటకు దాదాపు 22 కిలోమీటర్లు. మీ సెట్ వేరుగా ఉంటుంది, అంకెలు కొంచెం మారతాయి, కథ మాత్రం మారదు.

తోక పైకి లేపదు, కిందికి లాగుతుంది

చాలామంది తోక రెక్క కూడా బరువు మోస్తుందనుకుంటారు. మామూలు సెట్‌లో అది చేసే పని దానికి పూర్తిగా ఉల్టా. తోకను ముందు రెక్కతో పోలిస్తే ఒకటి నుంచి మూడు డిగ్రీల దాకా ముందంచు కిందికి వంగేలా బిగిస్తారు. అందుకే అది నీటిని పైకి తోస్తూ, తాను కిందికి లాగుతుంది. పై లెక్క ప్రకారం 22 కిలోమీటర్ల వేగంలో ఆ లాగుడు 6 కేజీల దాకా ఉండటం మామూలే.

వెనక కిందికి లాగితే ముక్కు పైకి లేస్తుంది. దాన్ని అణచడానికి మీరు ముందు కాలి మీద బరువు వేస్తారు. ఈ రెంటి మధ్య పోటీయే ఫాయిల్‌ను నిలకడగా ఉంచుతుంది. వేగం పెరిగితే తోక లాగుడు పెరిగి ముక్కు లేస్తుంది, వేగం తగ్గితే లాగుడు తగ్గి ముక్కు దిగుతుంది. ఇది బోర్డు తనంతట తాను చేసుకునే సర్దుబాటు. కోణం బొత్తిగా లేకపోతే ఆ సర్దుబాటు పోతుంది. అప్పుడు ఎత్తు నిలుపుకునే పనంతా మీ మడమల మీదే పడుతుంది.

అందువల్ల తోకలో రెండు గుణాలను వేరువేరుగా చూడాలి. ఒకటి కోణం: ఏ వేగంలో బోర్డు చదునుగా నిలుస్తుంది, కాలి మీద బరువు ఎంత పడుతుంది అన్నది ఇది తేలుస్తుంది. రెండోది వైశాల్యం, దూరం: ముక్కు ఊగినప్పుడు ఆ ఊగును ఎంత గట్టిగా ఆపుతుందన్నది ఇవి తేలుస్తాయి. ఊగును ఆపే శక్తి వైశాల్యంతో నేరుగా పెరుగుతుంది, దూరంతో అయితే వర్గంగా పెరుగుతుంది. తోక వైశాల్యం పదో వంతు తగ్గిస్తే ఆ శక్తి 10 శాతం తగ్గుతుంది. రెండు రెక్కలనూ కలిపే కడ్డీ అయిన ఫ్యూజ్‌లాజ్‌ను పదో వంతు తగ్గిస్తే, అంటే 60 సెం.మీ. నుంచి 54కు తెస్తే, 19 శాతం తగ్గుతుంది. షిమ్ వేస్తే ఈ శక్తి మారదు. షిమ్‌కూ కోతకూ ఉన్న అసలు తేడా ఇదే. రెండూ ముందు కాలి బరువు తగ్గిస్తాయి కాబట్టి నీళ్లమీద మొదటి పది నిమిషాలు రెండూ ఒకేలా అనిపిస్తాయి. అలలు ఎగుడుదిగుడుగా ఉన్న రోజు తేడా తెలిసిపోతుంది.

రోగం ఏమిటో ముందు తేల్చుకోండి

ముందు తొడ మండిపోతోంది అని వచ్చేవాళ్లే ఎక్కువ. వాళ్లను నేను అడిగేది ఒకటే: ఆ మంట అన్ని వేగాల్లో ఒకేలా ఉందా, వేగంతో పాటు పెరుగుతోందా?

అన్ని వేగాల్లో ఒకేలా ఉంటే తప్పు తోకది కాదు. మాస్ట్ బోర్డు కింద మరీ ముందుకు ఉంది. ట్రాక్‌లో (బోర్డు అడుగున ఉండే గాడిలో) బోల్టులు వదులు చేసి మాస్ట్‌ను ఒక సెంటీమీటరు వెనక్కి జరపండి. లేదా మీరే అంత ముందుకు నిలబడండి. నయాపైసా ఖర్చు లేదు, ఏదీ పాడవదు. బోర్డు ట్రాక్ మీద పెన్సిల్‌తో గీత పెట్టుకుంటే మళ్లీ పాత చోటికి రావడం సులువు.

నెమ్మదిగా వెళ్తున్నప్పుడు హాయిగా ఉండి, వేగం అందుకునే కొద్దీ ముక్కు పైకి తన్నుతూ ఉంటే అది కోణం సమస్య. దానికి షిమ్ వేయాలి. వేగంలో బాగానే ఉండి, మలుపు తిప్పబోతే బోర్డు పట్టాల మీద రైలులా తిన్నగా పోతానంటే అది వైశాల్యమో దూరమో. అక్కడ చిన్న తోక, పొట్టి ఫ్యూజ్‌లాజ్, లేదా కోత మాట్లాడుకోవచ్చు. సన్నగా ఈల వేసినట్టో, తేనెటీగ ముసిరినట్టో శబ్దం వస్తుంటే అది వెనకంచు పని.

ఈ నాలుగింటినీ కలిపేసి ఒకేరోజు అన్నీ మార్చేవాళ్లున్నారు. బాగుపడితే ఏది బాగుచేసిందో తెలియదు, చెడితే ఏది చెడగొట్టిందో తెలియదు.

షిమ్: ఎప్పుడైనా తీసేయొచ్చు, అందుకే మొదట ఇదే

షిమ్ అంటే తోకకూ ఫ్యూజ్‌లాజ్‌కూ మధ్య ఒక చివర పెట్టే పలుచని ముక్క. ఎంత మందం కావాలో తెలుసుకోవడం తేలిక. షిమ్ ఆనే చోటు నుంచి అవతలి చివర ఆనే చోటుకు ఉన్న దూరాన్ని 0.0175తో గుణిస్తే ఒక డిగ్రీకి కావాల్సిన మందం వస్తుంది. ఆ దూరం 50 మి.మీ. అయితే ఒక డిగ్రీకి 0.87 మి.మీ., అర డిగ్రీకి 0.44 మి.మీ. చాలామంది పాత బ్యాంకు కార్డు ముక్క కోసి పెడతారు. కార్డు మందం 0.76 మి.మీ., అంటే 0.87 డిగ్రీ. మొదటి ప్రయత్నానికి అది ఎక్కువే. అర డిగ్రీతో మొదలుపెట్టండి. పలుచని ప్లాస్టిక్ షీటు తీసుకుని కాలిపర్‌తో కొలిచి పొరలుగా వేసుకుంటే కావాల్సిన మందం దొరుకుతుంది.

అర డిగ్రీ అంటే ఏముందిలే అనిపిస్తుంది. పై సెట్‌లో అర డిగ్రీ తగ్గిస్తే తోక లాగుడు దాదాపు ఒకటిన్నర కేజీ తగ్గుతుంది. అది 60 సెం.మీ. చివర ఉన్న ఒకటిన్నర కేజీ. కాళ్ల మధ్య 55 సెం.మీ. ఎడం ఉంటే, ముందు కాలి మీది నుంచి వెనక కాలి మీదికి కేజీన్నర పైనే మారుతుంది. అరగంట సేపు ఒంటి తొడ మీద నిలబడేవాడికి అది చిన్న విషయం కాదు. వేగం పెరిగితే ఈ తేడా వేగానికి వర్గంగా పెరుగుతుంది. అందుకే వేగంగా వెళ్లేవాళ్లు పావు డిగ్రీ మార్పును కూడా కాలితో పసిగట్టేస్తారు.

ఏ చివర పెట్టాలన్న దగ్గరే ఎక్కువమంది తికమక పడతారు. ముందు మీ తోక ఫ్యూజ్‌లాజ్ పైన కూర్చుంటుందో, కింద వేలాడుతుందో చూడండి. పైన కూర్చునే తోకకు ముందు చివర షిమ్ పెడితే ముందంచు లేస్తుంది, లాగుడు తగ్గుతుంది. వెనక చివర పెడితే లాగుడు పెరుగుతుంది. కింద వేలాడే తోకకు సరిగ్గా ఉల్టా: ముందు చివర పెడితే ముందంచు ఇంకా కిందికి దిగి లాగుడు పెరుగుతుంది, వెనక చివర పెడితే తగ్గుతుంది. ఒక మిత్రుడు నెలరోజుల పాటు షిమ్ వల్ల ఉపయోగం లేదని, ఇంకా మందంగా వేస్తూ పోయాడు. తోక కింద వేలాడేది, ఆయన పెట్టింది ముందు చివర. మంట తగ్గకపోగా ఎక్కువైంది.

కోణం తగ్గిస్తే కాళ్లకు సుఖం, పై వేగాల్లో నింపాది. దానికి బదులు మీరు ఇచ్చేది లేవడం. బోర్డు నీళ్లమీంచి లేవడానికి ఇంకాస్త వేగం కావాలి, నెమ్మదిగా ఉన్నప్పుడు ముక్కు తనంతట లేవదు. గాలి తక్కువగా ఉండే చోట తిరిగేవాళ్లకు, ఇంకా లేవడం నేర్చుకుంటున్నవాళ్లకు కోణం తగ్గించమని నేను చెప్పను. వాళ్లకు ఒక్కోసారి అర డిగ్రీ పెంచితేనే మేలు.

షిమ్‌లో మూడు జాగ్రత్తలున్నాయి. ఒక్క బోల్టు కింద మాత్రమే చదునైన ముక్క పెడితే మధ్యలో ఖాళీ మిగులుతుంది. బోల్టు బిగించే కొద్దీ తోక ఆ ఖాళీలోకి వంగి, బోల్టు రంధ్రం దగ్గర పగులుతుంది. చదును ముక్క పరీక్షకే వాడండి. కోణం కుదిరాక ఒక చివర మందంగా, ఒక చివర పలుచగా ఉండి మొత్తం అడుగంతా ఆనేలా ఏటవాలు షిమ్ చేయించుకోండి. త్రీడీ ప్రింటర్ అందుబాటులో ఉంటే లోపల ఖాళీ లేకుండా నిండుగా ప్రింట్ చేయమనండి. రెండో జాగ్రత్త బోల్టు పొడవు. షిమ్ మందం మేర బోల్టు లోపలికి తక్కువ దిగుతుంది. బోల్టు మందమంత మేరైనా మరలు పట్టాలి, లేకపోతే పొడుగు బోల్టు వేయాలి. మూడోది, కార్బన్ తోక పక్కన డ్రింకు డబ్బా రేకు లాంటి అల్యూమినియం ముక్క షిమ్‌గా వేసి ఉప్పునీటిలో తిరగకండి. కార్బన్, అల్యూమినియం ఉప్పునీటిలో ఒకదాన్నొకటి తాకి ఉంటే అల్యూమినియం తినేసినట్టు తెల్లటి పొడి అయిపోతుంది. ప్లాస్టిక్ అయితే ఆ బాధ లేదు.

ఒకటిన్నర డిగ్రీ దాటి షిమ్ వేయాల్సి వస్తోందంటే బోల్టులు వంకరగా దిగుతున్నాయి, తల సరిగా కూర్చోవడం లేదు అని అర్థం. అక్కడ ఆగిపోండి. ఆ తోక మీ ముందు రెక్కకు సరిజోడు కాదు.

కోత: ఏమొస్తుంది, ఏం పోతుంది

రెండు కొసల నుంచి 15 మి.మీ. చొప్పున కోశామనుకుందాం. కొస దగ్గర వెడల్పు 25 మి.మీ. అయితే రెండు వైపులా కలిపి ఏడున్నర చదరపు సెం.మీ. పోతుంది. అంటే 180లో 4 శాతం.

ఇప్పుడు వేగం లెక్క చూద్దాం. 22 కిలోమీటర్ల వేగంలో తోక ఉపరితలం నీటిని రాసుకోవడం వల్ల వచ్చే డ్రాగ్ (వెనక్కి లాగే నిరోధం) మొత్తం 300 గ్రాముల బరువుకు అటూఇటూ. అందులో 4 శాతం అంటే 12, 13 గ్రాములు. మొత్తం ఫాయిల్ డ్రాగ్ ఆరు, ఏడు కేజీలుంటుంది. ఆరు కేజీల్లో 13 గ్రాములు మీకే కాదు, జీపీఎస్ వాచీకి కూడా తెలియదు. పైగా అడ్డం పొడవు 40 నుంచి 37 సెం.మీ.కు తగ్గింది కాబట్టి, అంతే లాగుడు కోసం కొసల దగ్గర సుడి తిరిగి పోయే శక్తి 17 శాతం పెరుగుతుంది. నెమ్మది వేగాల్లో, పంపింగ్‌లో (కాళ్లతో బోర్డును పైకీ కిందికీ ఊపుతూ ముందుకు పోవడంలో), ఈ రెండో ఖర్చు మొదటి లాభాన్ని తినేస్తుంది. గంటకు 35 కిలోమీటర్లు దాటి తిరిగేవాళ్లకు ఉపరితల డ్రాగ్ రెండున్నర రెట్లకు పైగా పెరుగుతుంది, అక్కడ చిన్న తోకకు అర్థం ఉంది. కానీ అందుకు 4 శాతం సరిపోదు. 180 నుంచి 120కి దిగాలి. అంత కోత ఉన్న తోకలోంచి కోయకూడదు, ఆ కొలతకే పుట్టిన తోక కొనుక్కోవాలి.

మరి కోశాక వేగం పెరిగినట్టు ఎందుకనిపిస్తుంది? లాగుడు తగ్గి ముందు కాలు తేలికైంది, ముక్కు చిన్న కదలికకే స్పందిస్తోంది. శరీరం ఆ చురుకును వేగం అనుకుంటుంది. నాకూ అలాగే అనిపించింది. అదే రోజు అదే గాలిలో పాత తోక మార్చి చూస్తే గరిష్ఠ వేగంలో తేడా లేదు. అయినా కోసిన తోకే ఉంచుకున్నాను, ఎందుకంటే మలుపు నిజంగా మారింది.

మలుపు మారడానికి అందరూ చెప్పే కారణం మాత్రం నాకు ఒప్పుదల కాదు. కొసలు పొట్టివైతే పక్కకు త్వరగా ఒరుగుతుందంటారు. ఒరుగును ఆపే శక్తి వైశాల్యాన్ని అడ్డం పొడవు వర్గంతో గుణించినంత. మన సెట్‌లో ఆ పనిలో తోక వాటా ముందు రెక్కతో పోలిస్తే మూడు, నాలుగు శాతమే. అసలు జరిగేది వేరు. బోర్డును ఒరిగించి తిప్పినప్పుడు ఫాయిల్ వంపు దారిలో పోతూ, ముక్కును ఎప్పటికప్పుడు లోపలికి ఎత్తుకుంటూ ఉండాలి. ఆ ఎత్తుకోవడాన్ని తోక అడ్డుకుంటుంది. తోక వైశాల్యం తగ్గితే అడ్డు తగ్గి వంపు చిన్నదవుతుంది. ఇది తెలిస్తే ఒక మంచి దారి కనబడుతుంది: అదే ఫలితం పొట్టి ఫ్యూజ్‌లాజ్ ఇంకా బలంగా ఇస్తుంది, ఏదీ కోయకుండానే.

అన్నీ చూసుకున్నాక కూడా కోయాలనుకుంటే, ముందుగా తోక దేనితో చేసిందో చూడండి. జీ10 అనే గట్టి గ్లాస్ ఫైబర్ పలక నుంచి మలిచిన తోకలు ఇంటి పనికి చాలా అనువు. లోపలా బయటా ఒకటే పదార్థం కాబట్టి ఎక్కడ కోసినా బెంగ లేదు. కార్బన్ పొర లోపల ఫోమ్ ఉన్న తోక అయితే కోసిన చోట ఫోమ్ బయటపడుతుంది. దాన్ని ఎపాక్సీ జిగురుతో మూయకుండా నీళ్లలో దింపితే నీరు లోపలికి పీల్చుకుని కొన్నాళ్లకు పొర ఊడుతుంది. నేను పోగొట్టుకున్న తోక అలా పోయిందే. బయటికి ఏ పగులూ కనబడలేదు. ఒకరోజు బోల్టు విప్పి చేతిలోకి తీసుకుంటే కొస దగ్గర బొటనవేలి కింద పొర మెత్తగా దిగింది, నొక్కిన చోట నుంచి ఒక ఉప్పునీటి బొట్టు ఊరింది.

కోత పద్ధతి ఇలా. మందపాటి అట్ట మీద కొత్త కొస ఆకారం ఒక్కటే గీసి కత్తిరించుకోండి. కుడి కొసకు దాన్నే వాడండి, ఎడమ కొసకు అదే అట్టను తిరగేసి వాడండి. అప్పుడే రెండూ జంటగా వస్తాయి. కోసే చోట మాస్కింగ్ టేపు చుట్టి దాని మీద గీస్తే అంచు పోగులు లేవవు. సన్న పళ్ల హ్యాక్సా బ్లేడుతో గీతకు రెండు మి.మీ. అవతల కోసి, మిగతాది ఆకురాయితో, ఆ తర్వాత 120, 240, 400 నంబరు శాండ్‌పేపర్‌తో తడిపి రుద్దుతూ గీతకు దించండి. కొసను చతురస్రంగా వదిలేయకుండా ముందంచు నుంచి వెనకంచుకు వంపుగా గుండ్రం చేయండి. పని అయ్యాక అదే అట్టను రెండు కొసల మీదా పెట్టి చూడండి, రెండూ దానికి సరిపోవాలి. తేడా ఎక్కువైతే బోర్డు ఎప్పుడూ ఒక పక్కకే ఒరుగుతూ ఉంటుంది, దాన్ని తప్పు గాలి మీదో మీ నిలుపు మీదో వేసుకుంటూ నెలలు గడుస్తాయి.

ఒకేసారి 15 మి.మీ. వద్దు. ఐదు కోసి, తిరిగి చూసి, ఇంకో ఐదు కోయండి.

ఈ పనంతటిలో కార్బన్, గ్లాస్ దుమ్ము చర్మంలో గుచ్చుకుంటుంది, ఊపిరితిత్తుల్లోకి వెళ్తే అక్కడే ఉండిపోతుంది. మంచి మాస్కు, గ్లౌజులు, కళ్లద్దాలు పెట్టుకుని తడిపి రుద్దండి. పొడిగా రుద్దాల్సి వస్తే ఆరుబయట చేయండి, పిల్లలను దగ్గరికి రానివ్వకండి.

వెనకంచు రుద్దడం: పని చిన్నది, ఫలితం పెద్దది

శబ్దం చేసే ఫాయిల్‌కు నేను మొదట చేసేది ఇదే. వెనకంచు మందంగా, మొద్దుగా ఉంటే నీరు అంచు దాటగానే పై నుంచి ఒక సుడి, కింది నుంచి ఒక సుడి వంతులవారీగా ఊడిపడతాయి. సెకనుకు 6 మీటర్ల వేగంలో ఒకటిన్నర మి.మీ. మందపు అంచు నుంచి సెకనుకు దాదాపు 800 సార్లు. అదే మీకు వినిపించే ఈల. ఆ లయకు రెక్క కూడా వణికితే అరికాళ్లలో జుమ్మని తెలుస్తుంది.

మందు ఏమిటంటే, అంచును ఒక వైపు నుంచి ఏటవాలుగా రుద్ది అర మి.మీ.కు తేవడం. చిన్న చెక్కముక్కకు 400 నంబరు కాగితం చుట్టి, తోక పొడవునా ఒకే దిశలో, కుళాయి నీటి ధార కింద రుద్దండి. నల్లటి నీరు కారుతుంటే మధ్యమధ్య ఆపి గోరు అడ్డంగా జరపండి. గోరు ఎక్కడ తట్టుకుంటే అక్కడ ఇంకా గట్టు ఉన్నట్టు. అర మి.మీ. కంటే పలుచన చేయకండి. అంచు కత్తిలా మారితే పడ్డప్పుడు కాలు తెగుతుంది, రాయి తగిలితే అంచే చిట్లుతుంది.

చాలామందికి తట్టని విషయం ఒకటి ఇక్కడుంది. ఏ వైపు నుంచి రుద్దామన్నది కోణాన్ని కూడా మారుస్తుంది. ఒక మి.మీ. అంచును ఒకే వైపు నుంచి సగానికి తెస్తే అంచు మధ్యరేఖ పావు మి.మీ. జరుగుతుంది. 50 మి.మీ. వెడల్పు మీద అది దాదాపు 0.3 డిగ్రీ. పై వైపు నుంచి రుద్దితే అంచు కిందికి జరిగి లాగుడు తగ్గుతుంది, కింది వైపు నుంచి రుద్దితే పెరుగుతుంది. అంటే మీరు అనుకోకుండానే పావు డిగ్రీ షిమ్ వేసేశారు. కోణం మారకూడదనుకుంటే రెండు వైపులా సమంగా రుద్దండి, శబ్దం ఒక వైపు రుద్దినప్పుడు తగ్గినంత తగ్గకపోవచ్చు. నేనైతే షిమ్ పరీక్షలో ఏ దిశ నచ్చిందో ఆ దిశకు తగ్గ వైపునే రుద్దుతాను.

ముందంచు జోలికి మాత్రం వెళ్లకండి. రాయి తగిలిన గంట్లు ఉంటే ఎపాక్సీతో పూడ్చి, పాత వంపుకే నున్నగా తేవాలి. ఆ గుండ్రం ఆకారాన్ని పదును చేస్తే తోక చిన్న కోణానికే నీటి పట్టు వదిలేస్తుంది. అలాగే తోకను వెడల్పులో సన్నం చేయాలన్న ఆలోచన కూడా మానండి. నీళ్లమీంచి లేచే నెమ్మది వేగంలో అంత సన్నని రెక్క మీద ప్రవాహం ముందే విడిపోతుంది, అవసరమైన క్షణంలోనే తోక పని మానేస్తుంది. ఉపరితలం అద్దంలా మెరవాల్సిన అవసరం లేదు. 600 నంబరుతో సమంగా రుద్దితే చాలు.

వంగిన కొసలు

కొన్ని తోకలకు కొసలు కిందికో పైకో వంగి ఉంటాయి. అవి బాణానికి ఈకల్లాంటివి, ముక్కు అటూఇటూ తిరగకుండా తిన్నగా పట్టుకుంటాయి. వాటిని తీసేస్తే బోర్డు పాదాల కింద జారుతున్నట్టు వదులుగా ఉంటుంది. అలల మీద ఆడుకునేవారికి అది హాయి. సాఫీగా దూరాలు పోయేవారికి, ముఖ్యంగా పెద్ద ముందు రెక్క ఉన్నవారికి, చిరాకు. తీసేస్తే తిరిగి అతికించలేరు కాబట్టి, వంపు లేని తోకను ఎవరి దగ్గరైనా ఒక పూట అడిగి తిరిగి చూడండి.

మరి ఎవరు ఏది ఎంచుకోవాలి

వింగ్ (చేత్తో పట్టుకునే గాలి రెక్క) పట్టుకుని నేర్చుకుంటూ, లేచాక నిలకడ కోసం తంటాలు పడుతున్నవారు తోకను ఉన్నదున్నట్టు ఉంచండి. మాస్ట్ జరుపుకోవడం దాకానే. ఇప్పుడు మీకు అడ్డనిపించే తోక నిజానికి మీకు నేర్పిస్తోంది.

నిలకడగా తిరుగుతూ, వేగంలో ముందు తొడ మండేవారికి అర డిగ్రీ షిమ్. వందలో ఎక్కువమంది కథ ఇక్కడే ముగియాలి.

పంపింగ్ చేస్తూ దూరం పోవాలనుకునేవారు అడ్డం పొడవును తగ్గించుకోకండి. వాళ్లకు సన్నగా, పొడుగ్గా ఉండి తక్కువ వైశాల్యం ఉన్న వేరే తోక కావాలి. కోత వాళ్లకు శత్రువు. పొడుగు ఫ్యూజ్‌లాజ్ పంపింగ్ లయను సాఫీ చేస్తుంది, అది కూడా ఆలోచించండి.

అలల మీద చిన్న వంపులు తిరగాలనుకునేవారికి నా వరుస ఇది: దొరికితే పొట్టి ఫ్యూజ్‌లాజ్, లేకపోతే చిన్న తోక, రెండూ కుదరక పక్కన ఒక పాత తోక పడి ఉంటే కోత. ఉన్న ఒక్క తోకను కోయడానికి మాత్రం నేను ఒప్పుకోను. పోల్చి చూడటానికి పాతది లేకపోతే, బాగుపడిందో లేదో మీకెప్పటికీ తెలియదు.

పోటీల్లో దిగేవారు ముందు తమ క్లాస్ నియమాలు చదవాలి. పారిస్ 2024 ఒలింపిక్స్‌లో విండ్‌సర్ఫింగ్ జరిగిన ఐక్యూఫాయిల్ లాంటివి అందరికీ ఒకే సామాను అనే నియమం మీద నడుస్తాయి. అక్కడ రెక్కను రుద్దడం కూడా తప్పు కావచ్చు. వారంటీ ఉన్న తోకను కోస్తే ఆ వారంటీని వదులుకోవాల్సిందే.

పరీక్షించే తీరు

ఏది మార్చినా ఒకేరోజు, ఒకే చోట, అదే ముందు రెక్కతో, అదే మాస్ట్ గీత మీద పాతదీ కొత్తదీ మార్చిమార్చి చూడాలి. పాతది, కొత్తది, మళ్లీ పాతది: ఈ మూడో విడత మానకండి. మొదటి విడతలో శరీరం ఇంకా వేడెక్కి ఉండదు, రెండోదానిలో ఉత్సాహం ఉంటుంది. మూడోదానిలోనే నిజం తెలుస్తుంది. తీరానికి రాగానే మూడు అంకెలు రాసుకోండి: లేవడానికి ఎన్ని పంపులు పట్టాయి, జీపీఎస్‌లో పది సెకన్ల సగటు వేగం ఎంత, ముందు కాలి బరువు పదికి ఎంత. మూడో అంకె మీ మనసుదే, అయినా రాయండి. నా పుస్తకంలో మొదటి రెండు అంకెలు మారకుండా మూడోది ఎనిమిది నుంచి ఐదుకు దిగిన రోజులు చాలా ఉన్నాయి. ఆ రోజుల్లో నేను నీళ్లమీద గంట ఎక్కువ ఉన్నాను.

ఒడ్డుకు వచ్చాక బోల్టులు మరోసారి బిగించి చూడండి. కొత్త షిమ్ మొదటి రోజు కాస్త అణిగి, బోల్టు పావు చుట్టు వదులవుతుంది.